చేపపిల్లల్ని తాగేసిన పురుగు

చేపల శాఖలో ముప్పై ఏండ్లకు పైగా పనిచేసినాను. ఏ ఊరికి ఎప్పుడు బదిలీ అయినానో, జీతం ఎప్పుడు పెరిగిందో సర్వీసు రిజిస్టర్లో ఉంటుంది. అవి ఈడ రాయను. కొత్తగా ఈ పనిలోకి వచ్చే మీకు ఒక పురుగు సంగతి చెప్తాను. ఉద్యోగమంటే ఏమిటో నాకు నేర్పింది అదే. ఇన్నేండ్ల తర్వాత దాన్ని తలుచుకున్నా నాకు కుదురుగా కూర్చోబుద్ధి కాదు.

కుండల్లో వచ్చిన చేపలు

అప్పుడు రెండో ప్రపంచ యుద్ధం జరుగుతా ఉండింది. బియ్యం దొరకడమే కష్టం. ఊరి కుంటల్లో చేపలు పెంచితే జనానికి సంగటిలోకి ఒక ముక్కైనా దొరుకుతుందని సర్కారు ఆలోచన. నాకు ఇరవై రెండేండ్లు. పుంగనూరు మిషన్ కాంపౌండులో పుట్టి పెరిగినవాణ్ణి, ఇంటర్మీడియట్ చదివినవాణ్ణి, ఈత బాగా వచ్చినవాణ్ణి. ఆ మూడు అర్హతలతోనే నన్ను తీసుకున్నట్టున్నారు.

చేపపిల్లలు రైల్లో కుప్పం దాకా మట్టికుండల్లో వచ్చేవి. ఒక్కొక్కటి వేలిగోరంత. కుప్పం నుంచి పుంగనూరుకు బొగ్గు బస్సు, పెట్రోలు దొరక్క బొగ్గు గ్యాసుతో నడిపేది. దారి పొడుగునా కుండల్లో నీళ్లను చేత్తో కలుపుతూనే ఉండాల. చెయ్యి ఆపితే గాలి ఆడక పిల్లలు తేలిపోతాయి. మొదటిసారి తెచ్చినప్పుడు రెండు చేతులూ మోచేతుల దాకా నానిపోయి తెల్లగా ముడతలు పడినాయి. అయినా ఒక్క కుండ కూడా పాడవలేదని ఎంత పొంగిపోయినానో!

సదుం పోయే దారిలో ఊరి బయట ఒక చిన్న కుంట ఉండేది. పిల్లల్ని అందులో వదిలి, కాస్త ఎదిగినాక పెద్ద చెరువులకు పంచాల. కాపలాకు మునెప్ప అని యాభై ఏండ్ల మనిషి. గట్టు మీదే గుడిసె. భార్య లచ్చుమక్క రెండు ఆవులు పెట్టుకొని ఊళ్లో పెరుగు అమ్మేది.

కుంట అంచంతా జమ్ముగడ్డి, నాచు ఒత్తుగా అల్లుకొని ఉండింది. పిల్లల్ని వదలక ముందే మునెప్ప అన్నాడు.

"ఈ గడ్డి అంతా పీకేస్తాను సార్. దీంట్లో పురుగూ పుట్రా సేరుకుంటాది."

"వద్దు మునెప్పా, పిల్లలకు నీడ ఉండాల. నేను చదువుకొని వచ్చినాను" అన్నాను.

"మీరు సెప్తే సరే సార్" అని కొడవలి చంకలో పెట్టుకొని పోయినాడు.

మూడు వారాలకు వల లాగి చూసినాను. దోసిట్లో పట్టేటన్ని పిల్లలు మాత్రమే మిగిలినాయి. రెండో పక్క లాగినా అంతే. నీళ్లు బాగున్నాయి, గట్టు తెగలేదు, కొంగలు వాలకుండా పైన తాళ్లు కట్టి ఉన్నాయి. మరి పిల్లలు ఏమైనట్టు?

నేను రాసిన నాలుగు వాక్యాలు

మా పైఅధికారి శేషగిరిరావు గారు మదనపల్లెలో ఉండేవారు. కోస్తా మనిషి. మాట కటువు, పని శుద్ధం. కబురు అందగానే వచ్చి కుంట చుట్టూ ఒకసారి తిరిగినారు.

"చచ్చిపోతే తేలాలి కదా. తేలలేదంటే ఎవరో పట్టుకుపోయారు. రాత్రీ పగలూ ఇక్కడ ఉండేదెవరు?"

నేను నోరు తెరిచి "గడ్డి పీకొద్దని చెప్పింది నేనే, పురుగులేమైనా ఉన్నాయేమో చూస్తాను" అని ఉంటే సరిపోయేది. నా పని తప్పు అనిపించుకోవడం ఇష్టం లేక మౌనంగా ఉండిపోయినాను. ఆయన కాగితం ముందు పెట్టినారు. నాలుగు వాక్యాలు రాసినాను. కాపలాదారు తప్ప మరొకరు కుంట దగ్గరకు పోయే వీలు లేదన్నది అందులో ఆఖరి వాక్యం. కింద సంతకం నాది.

మునెప్పను తీసేసినారు. ఆ మనిషి కొడవలి, దుప్పటి చుట్టుకొని గట్టు దిగిపోయినాడు. వారం తిరగకముందే ఊరంతా పాకిపోయింది. లచ్చుమక్క దగ్గర పెరుగు పోయించుకొనేవాళ్లు వాకిలి తియ్యడం మానేసినారు. దొంగ ఇంటి పెరుగు వద్దన్నారంట. ఈ మాట మా అమ్మే ఇంటికి వచ్చి చెప్పింది. అయినా పోయి ఆ కాగితం వెనక్కి తీసుకొనే ధైర్యం రాలేదు. చేరబోయే పిల్లలారా, ఈ ఉద్యోగంలో నేను చేసిన తప్పులన్నిట్లోకీ పెద్దది ఇదే.

చెంబులో దొంగ

తర్వాత నాలుగైదు రోజులకు పొద్దున్నే మా ఇంటి ముందర లచ్చుమక్క నిలబడి ఉండింది. చేతిలో ఇత్తడి చెంబు, మూతికి గుడ్డ కట్టి.

"రత్నమప్పా, బయటికి రా. దొంగను తెచ్చినాను."

గుడ్డ విప్పి చూపించింది. చెంబులో నీళ్లు. నీళ్లలో నా చూపుడువేలంత పొడుగున్న గోధుమరంగు పురుగు. పడవ బోర్లించినట్టు చదునుగా ఉంది. ముందరి కాళ్లు రెండూ కొడవళ్ల మాదిరి వంగి, వాటి మధ్యన ఒక చేపపిల్ల. మేము వంగి చూసినా, చెంబు కదిలినా అది వదల్లేదు.

"యాడ పట్టినావక్కా?"

"మీ కుంటలోనే. కొత్త కాపలావాడు నిద్రపోతాండాడు. నేను మోకాటి లోతులో దిగి జమ్ము కదిలించినాను. ఒగటి కాదప్పా, అట్లాటివి పదైనా ఉండాయి. నా మొగుడు మొదట్నే సెప్పలేదా నీకు, గడ్డి పీకేస్తానని?"

ఏదో ఒకటి చెయ్యాలని వేలు పెట్టి పురుగును పక్కకు నెట్టబోయినాను. అంతే! చురకత్తి కొనను ఎర్రగా కాల్చి దించినట్టు అనిపించింది. కెవ్వుమని అరిచినాను. లచ్చుమక్క నవ్వింది. ఆ నెలలో ఆమె నవ్వడం అదే మొదలని తర్వాత చెప్పింది.

"గోరంత చేపకు యెట్లుండునో ఇప్పుడు తెలిసిందా?" అని ఒక పొట్లం విప్పింది. ఆకులో చిన్నచిన్న తెల్లటి పొరలు. నాచులో చిక్కుకొని ఉంటే ఏరి తెచ్చిందంట. చేతిలోకి తీసుకొని వెలుగుకు పెట్టి చూసినాను. తల ఉంది, తోక ఉంది, కండ్లు ఉన్నాయి, పొలుసులు ఉన్నాయి. లోపల ఏమీ లేదు. ఉత్త చర్మం, ఖాళీ సంచి మాదిరి. చేపపిల్లల్ని ఎవరూ ఎత్తుకుపోలేదు. కుంటలోనే ఉన్నాయి!

వేలు వంకాయ లాగా వాచింది. సలుపు మధ్యాహ్నం దాకా తగ్గలేదు. కానీ నేను ఆగలేదు. సీసాలో పురుగును, పొట్లంలో చర్మాలను పెట్టుకొని మొదటి బస్సుకే మదనపల్లెకు పరుగెత్తినాను.

పెంకుపురుగు కాదు

నేరుగా అధికారి దగ్గరకు పోకుండా పరంజ్యోతమ్మ టీచరు ఇంటికి పోయినాను. చిన్నప్పుడు నాకు అక్షరాలు దిద్దించిన టీచరమ్మ. అప్పటికి మదనపల్లెలో ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు చెప్తా ఉండింది. ఇంట్లో పూలకుండీలకన్నా పురుగుల సీసాలే ఎక్కువ.

"పెద్ద నీటి పెంకుపురుగు టీచరమ్మా" అన్నాను సీసా ఎత్తి.

"పేరు తర్వాత పెట్టు రత్నం. ముందు సూడు." భూతద్దం నా చేతిలో పెట్టింది. "రెక్కలు ఎట్లుండాయి?"

"వీపు మీద మూసుకొని ఉండాయి."

"ఎట్ల మూసుకొని? పెంకుపురుగైతే రెండు పెంకులూ నడుమ నిలువుగా ఒక గీత మీద కలుస్తాయి. దీనికి?"

చూసినాను. ఒక రెక్క ఇంకోదాని మీదికి అడ్డంగా వాలి ఉంది. పైభాగం తోలు మాదిరి మందం, చివర మాత్రం పలచటి పొర.

"ఇప్పుడు తల కింద సూడు. నమిలే దవడలు ఉండాయా?"

పటకారుతో తిప్పినాను. దవడలు లేవు. తల కిందికి మడిచిపెట్టుకున్న పొట్టి ముక్కు, దబ్బనం మొన లాగా.

"టీచరమ్మా! ఇది కొరకదు. పొడుస్తాది!"

"పొడిసి లోపలికి ఒక రసం వదుల్తాది. ఆ రసానికి చేప కండంతా కరిగి నీళ్లైపోతాది. అప్పుడు పీల్చుకుంటాది. నల్లి జాతి ఇది, పెంకుపురుగు జాతి కాదు. తోక సూసినావా? సన్నగా పొడుగ్గా ఉంటే నీటితేలు. దీనికి చిన్నగా రెండు పట్టీలు ఉండాయి, కావాలంటే బయటికి చాపుతాది, లేదంటే లోపలికి లాక్కుంటాది. దాంతోనే నీళ్ల పైనుంచి గాలి తీసుకునేది."

పొట్లం విప్పి చర్మాలు ఆమె ముందర పోసినాను. ఆమె అద్దం పెట్టి ఒకటి, రెండు, మూడు చూసి, నా ముఖంలోకి చూసింది.

"దీనివల్ల ఎవరి మీదైనా నింద పడిందా?"

చెప్పినాను, దాచకుండా. టీచరమ్మ నన్ను తిట్టలేదు. "అయితే ఇంకా ఈడ కూర్చోనుండావు యాల? లెయ్యి" అన్నది.

చల్లారిన కాఫీ

శేషగిరిరావు గారు ఆఫీసు వసారాలో కాఫీ తాగబోతా ఉన్నారు. అంతా వినకుండానే చెయ్యి అడ్డం పెట్టినారు.

"పురుగులు ప్రతి కుంటలోనూ ఉంటాయయ్యా. కొరికి తింటే ముక్కలు మిగలాలిగా? ఒక్క ముక్క చూపించు."

"కొరకదు సార్, తాగుతుంది. మీ ముందరే చూపిస్తాను."

ఆఫీసు తొట్టిలో మేము ఉంచుకున్న చేపపిల్లలు కొన్ని ఉండేవి. వెడల్పాటి గాజుపాత్రలో పదింటిని వేసి, ఒక జమ్ముకాడ నిలబెట్టి, పురుగును వదిలినాను. అది కాడ పట్టుకొని తలకిందులుగా వేలాడింది. తోక కొన నీళ్ల పైకి ఆనించి కదలకుండా ఉండిపోయింది. ఎండుటాకే అనుకోవాల. చేపపిల్లలు దాని పక్కనే తిరుగుతున్నాయి. ఆయన గ్లాసు పెదాల దాకా తెచ్చినారు.

టప్పున ముందరి కాళ్లు మూసుకున్నాయి. కాళ్ల మధ్య పిల్ల.

ఆయన చేతిలో గ్లాసు అట్లే ఆగిపోయింది. కుర్చీ ముందుకు లాక్కున్నారు. పిల్ల కాసేపు కొట్టుకొని ఆగిపోయింది. చూస్తూ చూస్తూ ఉండగానే దాని ఒళ్లు పాలిపోతా వచ్చింది. ఎంతసేపు కూర్చున్నామో నాకు తెలియదు. గుమాస్తాలిద్దరూ వచ్చి మా వెనక నిలబడినారు. చివరికి కాళ్లు విప్పుకున్నాయి. తెల్లటి చర్మం మెల్లగా తేలి, జమ్ముకాడ పక్కన ఆగింది. నేను పొట్లంలోని చర్మం ఒకటి తీసి దాని పక్కన పెట్టినాను. రెండింటికీ తేడా లేదు.

శేషగిరిరావు గారు కండ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. కాఫీ మీద మీగడ కట్టి ఉంది.

"గడ్డి ఉంచమన్నదెవరు?"

"నేనే సార్. మునెప్ప పీకుతానన్నాడు."

"నేను తొందరపడ్డాను. నువ్వు మాట దాచావు. ఉత్తర్వు నేను మారుస్తాను. ఆ మనిషి ముందుకు మాత్రం నువ్వే వెళ్లాలి" అన్నారు. తర్వాత నేను చాలామంది అధికారుల కింద పనిచేసినాను. కిందివాళ్ల ముందర 'నేను తొందరపడ్డాను' అన్నవాళ్లు ఇంకొక్కరు కనబడలేదు. కటువు మాటలు ఆయనవే, నాకు గౌరవం మిగిలింది కూడా ఆయన మీదే.

సంతలో చెప్పిన మాట

మునెప్ప తమ్ముడి ఇంటి అరుగు మీద తాడు పేనుతా ఉన్నాడు. ఉద్యోగం తిరిగి ఇచ్చినారని చెప్తే తల ఎత్తలేదు.

"పని యాడైనా దొరుకుతాది సార్. ఈ ఊర్లో నన్ను సూసి మొగం తిప్పుకొంటాండారు. దానికేం సేస్తారు?"

"నువ్వేం చెయ్యమంటే అది చేస్తాను."

"సంతలో సెప్పండి. పదిమంది వినేటట్ల."

పుంగనూరు సంత రోజున గాజుపాత్ర, పురుగు, చేపపిల్లలతో పోయి ఒక బండి మీద ఎక్కినాను. "మునెప్ప చేపలు దొంగిలించలేదు. దొంగిలించినాడని అబద్ధం రాసింది నేను. దొంగ ఇది" అని పాత్ర పైకెత్తినాను. మొదట నవ్వినారు. అంతలో పురుగు ఒక పిల్లను పట్టింది. జనం ఒకరి మీద ఒకరు పడినారు. ఇటు చూపించు, అటు చూపించు అని కేకలు. ఒక ముసలమ్మ దగ్గరికి వచ్చి తేరిపార చూసి, లచ్చుమక్క వైపు తిరిగింది.

"రేప్పొద్దున మా ఇంటికి పెరుగు తీసకరామ్మా" అన్నది.

లచ్చుమక్క చీరె కొంగుతో ముఖం కప్పుకొని అట్లే కూర్చుండిపోయింది. మునెప్ప వచ్చి నన్ను బండి మీదనుంచి చెయ్యిచ్చి దించినాడు. "పోదాం పా సార్. కుంట ఎండగట్టాల."

అది ఉండే చోటు

ఆ నెల్లాళ్లూ మేమిద్దరం పుంగనూరు చుట్టుపక్కల కుంట కనబడితే దిగకుండా రాలేదు. నాకు పిచ్చి పట్టిందని మా అమ్మ దేవుడికి ప్రార్థన చేసింది. మేము చూసింది చెప్తాను, గుర్తుంచుకోండి. పారే కాలవలో దాని కోసం వెతకొద్దు. నడి చెరువులో వెతకొద్దు. నీళ్లు నిలకడగా, మోకాటి లోతున, గడ్డి కాడలు నీళ్లలోనుంచి పైకి లేచే అంచుల్లో ఉంటుంది. పట్టుకొని వేలాడను కాడ కావాల, గాలి కోసం పైభాగం దగ్గరగా ఉండాల, తినను చిన్న చేపో కప్పపిల్లో కావాల. మూడూ కలిపి పుంగనూరు కుంటలో నేనే అమర్చిపెట్టినాను.

నీళ్లకు జానెడు పైన జమ్ముకాడ మీద చారల గుడ్లు గుంపుగా అంటుకొని ఉంటే అవి ఈ పురుగుల్లో పెద్దరకానివి. ఒక పురుగు మాటిమాటికీ కాడ ఎక్కి ఆ గుడ్లను తడిపి పోతుంది. ఆ కాడ కోసేస్తే సగం పని అయినట్టే.

కుంట ఎండింది, జమ్ము వేళ్లతో సహా లేచిపోయింది. కొత్త నీళ్లు పెట్టినాము. కొత్త చేపపిల్లల కోసం ఇద్దరం కుప్పం పోయినాము.

కుప్పంలో మూడు రోజులు

రైలు రాలేదు. సైనికుల బండ్లకు దారి వదలాలని మా పార్సిలు ఎక్కడో ఆపినారు. పొద్దున్నే ప్లాట్‌ఫారం ఊడ్చే మనిషి చీపురుతో ఏదో తోసేస్తా ఉంటే మునెప్ప ఒక్క గంతు వేసినాడు.

"సార్! మన దొంగ!"

దీపస్తంభం కింద వెల్లకిలా పడి కాళ్లు ఆడిస్తా ఉంది, పెద్దరకమే. చుట్టుపక్కల చుక్క నీరు లేదు. వెలుగు చూసి ఎగిరి వచ్చిందన్నమాట! అంటే మేము ఎంత శుభ్రం చేసినా ఇంకో చెరువునుంచి రెక్కలు కట్టుకొని వస్తుంది. ఒకసారి పీకి ఊరుకుంటే చాలదు. ఆ ఆలోచన తట్టగానే ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము.

"వారానికొగసారి లచ్చుమి పాత సీరెతో కుంట అంచులు లాగుదాం సార్. పురుగులన్నీ గుడ్డలోకి వస్తాయి" అన్నాడు. ఆ మాట తర్వాత జిల్లా అంతా పనికి వచ్చింది.

రెండో రోజు స్టేషన్ వెనక కుంటలో ఇంకో రకం దొరికింది. ఇది చింతగింజ కన్నా కాస్త పెద్దది, అంతే. అయినా అదే ముక్కు, అవే కొడవలి కాళ్లు. కొన్నిటి వీపు మీద గుడ్లు దగ్గరదగ్గరగా పేర్చినట్టు అంటుకొని ఉన్నాయి.

"తల్లి చూడు మునెప్పా, పిల్లల్ని మోస్తా ఉంది" అన్నాను పండితుడి మాదిరి.

"తల్లేనా సార్?"

"ఇంకెవరు మోస్తారు?"

సగం వీపే నిండినదాన్ని ఒకటి, గుడ్లు లేనిదాన్ని ఒకటి సీసాలో వేసి స్టేషన్ బెంచీ మీద పెట్టుకున్నాము. మునెప్ప దాని మీదనుంచి కండ్లు తియ్యలేదు. మధ్యాహ్నం నేను కునుకు తీస్తా ఉంటే భుజం పట్టి కుదిపినాడు.

"సార్, సూడండి! గుడ్లు లేనిది దాని వీపెక్కింది. గుడ్డు పెడతాండాది!"

సీసా ముఖానికి ఆనించుకున్నాను. నిజమే. ఎక్కినది వెనక భాగం వంచి, కింద ఉన్నదాని వీపు మీద ఒక గుడ్డు అంటించింది. కాసేపటికి ఇంకొకటి.

"గుడ్లు పెట్టేది పైనది. అయితే మోసేది మొగది సార్!" అని మునెప్ప ప్లాట్‌ఫారం మీదే చప్పట్లు కొట్టినాడు. టికెట్టు గుమాస్తా కిటికీలోనుంచి తల బయట పెట్టినాడు. ఆయన్నీ పిలిచి చూపించినాము. తర్వాత పరంజ్యోతమ్మ మోసేదాన్ని కోసి చూసి మునెప్ప చెప్పిందే నిజమన్నది. చదువుకొని వచ్చినానన్న నేను చూడకుండానే పేరు పెట్టినాను. అక్షరం రాని మునెప్ప చూసినాక చెప్పినాడు.

మూడో రోజు రైలు వచ్చింది. కుండకొక చెయ్యి వేసి, బొగ్గు బస్సు ఎత్తు ఎక్కలేక ఆగినప్పుడల్లా దిగి తోసి, పుంగనూరు చేరినాము.

వల

వారం వారం పాత చీరె లాగినాము. పడిన పురుగుల్ని ఎండలో ఆరేసినాము. రెండు నెలలకు వల వేసే రోజు శేషగిరిరావు గారు వచ్చి గట్టు మీద గొడుగు వేసుకొని నిలబడినారు. అవతలి గట్టు మీద లచ్చుమక్క. మునెప్ప నడుము లోతులో వల ఒక కొస పట్టుకున్నాడు, అతనికి తోడుగా ఉంచుకున్న కొత్త కాపలావాడు రెండో కొస. నేను ప్యాంటు మడతలు పైకి లాక్కొని ఒడ్డున ఉన్నాను.

వల సగం దాకా వచ్చింది. నీళ్లు చదునుగా, ఏమీ లేనట్టే ఉన్నాయి.

అంతలో ఒకటి ఎగిరింది. వెండిబిళ్ల మాదిరి ఎండలో మెరిసి పడింది. ఇంకొకటి. తర్వాత కుంటంతా ఒక్కసారి ఉడికినట్టు లేచింది. వేలంత, అరచెయ్యంత, వందలు వందలు, మునెప్ప రొమ్ముకు, ముఖానికి తగిలి పడుతున్నాయి.

"బరువుగా ఉండాది సార్! మోయలేకుండాము! రాండి!"

గట్టు మీద పైఅధికారి ఉన్నాడన్నది కూడా మరిచి, ప్యాంటుతో, చేతి గడియారంతో నీళ్లలోకి దూకినాను.